తాలింపు వాసన

కొత్తగా పోలీసు యూనిఫాం వేసుకున్న పిల్లలు పెళ్ళిళ్ళలో కనబడితే కుర్చీ లాక్కుని నా పక్కన చేరతారు. కుశలప్రశ్నలయ్యాక అందరూ అడిగేది ఒకటే. "మీ సర్వీసులో పెద్ద కేసు ఏదండి?" తుపాకులు, ఛేజింగులు, రహస్య సొరంగాలు ఉంటాయని వాళ్ళ ఆశ. నేనేమో ఒక టిఫిన్ హోటలు వెనక గది గురించి మొదలుపెడతాను. సగం కాకుండానే ఒకరిద్దరు సెల్‌ఫోన్లు తీస్తారు. తియ్యనివ్వండి. హంతకుల్ని చూశాను, దొంగల్ని చూశాను, మంత్రుల్ని కూడా చూశాను. ఎవర్ని చూసినా నోరెళ్ళబెట్టి నిలబడిపోలేదు. ఆ గది గుమ్మంలో మాత్రం నిలబడిపోయాను. ఒక మనిషి ఇంత పని చెయ్యగలదా అన్న ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

తొంభైల చివర్లో నన్ను ఎస్సైగా ఒక కొండ ఊరికి వేశారు. మాది భీమవరం దగ్గర పల్లె. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. ఎత్తు అంటే మాకు తెలిసింది ఏటిగట్టే. అలాంటివాణ్ణి, రాజమండ్రిలో బస్సెక్కాను. మైదానమంతా అయిపోయి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి నాకు మాట పడిపోయింది. ఒక పక్క ఆకాశం దాకా కొండ, ఇంకో పక్క అడుగు కనపడని లోయ. వెదురు పొదలు, టేకు చెట్లు, వాటి మధ్య ఎక్కడో కింద వాగు హోరు. పొద్దెక్కినా మంచు విడవలేదు. దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చినవాడిలా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన నన్ను చూసి, "కొత్తా బాబూ?" అని నవ్వాడు. నా మొహం మీదే రాసి ఉందన్నమాట.

స్టేషను చుట్టూ ఇసుక బస్తాలు, మేడ మీద సెంట్రీ. ఆ రోజుల్లో మాకు పైనుంచి వచ్చే ఫోన్లన్నీ అడవిలో తిరిగే దళాల గురించే. రోడ్డు మీద కల్వర్టు కింద ఏం పెట్టారో చూడాలి, ఎవరు ఎవరికి అన్నం పెట్టారో చూడాలి. ఊళ్ళో కుర్రాళ్ళు వాగు ఒడ్డున కూర్చుని ఏం చేస్తున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. అందరూ ఒకేవైపు చూస్తున్నప్పుడు రెండోవైపు ఏదో జరుగుతూనే ఉంటుంది.

అక్కడ పాతుకుపోయిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు. నోట్లో ఎప్పుడూ కిళ్ళీ, ముక్కు మీద కళ్ళజోడు, నాలుక మీద వెటకారం. నేను చార్జి తీసుకున్న రోజున ఊరి గురించి చెప్పమంటే ఆయన మొదట చెప్పింది శాంతిభద్రతల గురించి కాదు.

"మీరు ఇంకాస్త ముందొస్తే మంచి పెసరట్టు తినేవోరండి సార్. హోటలమ్మ కొట్టు మూసేసింది."

"ఏం, నష్టమొచ్చిందా?"

"కొడుకు పోయేడండి. ఒక్కగానొక్కడు."

హోటలమ్మది ఆత్రేయపురం వైపు. కలప లారీ నడిపే భర్త వెంట కొండెక్కి వచ్చింది. భర్త పోయాక బస్టాండు దగ్గర రేకుల షెడ్డులో ఇడ్లీ, పెసరట్టు వేసి కొడుకుని పెంచింది. ఆ కుర్రాడు సంతలకి జీపు నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే ఊరి కింద వాగు ఒడ్డున, బండల మీద శవమై కనపడ్డాడు. ముంజేతి మీద పక్కపక్కనే రెండు గాట్లు, నోట్లో నురగ. కొండల్లో అలాంటి గాట్లు చూస్తే ఎవరికైనా ఒకటే తోస్తుంది. పాము. నా ముందున్న ఎస్సై ట్రాన్స్‌ఫర్ హడావుడిలో ఉన్నాడు. ఊరంతా పాము అంది, ఆయనా పాము అన్నాడు. దహనం అయిపోయింది.

పెద్దకర్మ రోజున ఆమె ఆడవాళ్ళందరి ముందూ ఒక మాట అందట. మా వైపు చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా తాలింపు పెట్టరు. పప్పైనా కూరైనా ఉడకబెట్టి, ఉప్పు వేసుకుని తినడమే. ఈమె మాత్రం ఏడాది తిరిగేదాకా తన ఇంట్లో ఆవగింజ చిటపటమనదని చెప్పేసింది. తాలింపు లేని హోటలెక్కడిది? అందుకే తలుపు మూసేసింది. హెడ్డుగారు ఇదంతా చెప్పి, "ఏడాది పాటు మనకి ఉప్మా కూడా లేదండి" అని నిట్టూర్చాడు. ఆయన బాధ ఆయనది.

నేను వెళ్ళిన కొద్దిరోజులకే మందుల షాపాయన స్టేషనుకి వచ్చాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మెడికల్ షాపు ఆయనది. మైదానం నుంచి వచ్చి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మనిషి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు.

"మా అబ్బాయి ఇంటికి రాలేదండి ఎస్సైగారూ. మొన్న సాయంత్రం ఎల్లినోడు రాలేదు."

"స్నేహితుల దగ్గర ఉంటాడేమో చూశారా?"

"ఆడికున్న స్నేహితుడు ఒక్కడేనండి. ఆ హోటలమ్మ కొడుకు. ఆ కుర్రోడే పోయేడు గదండీ."

ఆ కుర్రాడు షాపులో తండ్రికి సాయంగా కూర్చునేవాడు. ఇరవై దాటినవాడు. మేం విచారణ మొదలుపెట్టాం, నాలుగు రోజులు ఊరంతా తిరిగాం. జీపు స్టాండులో పనిచేసేవాడు ఒకడు మొదట నీళ్ళు నమిలాడు. హెడ్డుగారు వాడి భుజం మీద చెయ్యేసి, ఏ లాఠీ లేకుండానే, పక్కకి తీసుకెళ్ళి టీ తాగించాడు. తిరిగొచ్చి నాతో మెల్లగా చెప్పాడు.

"షాపులోంచి నొప్పి ఇంజెక్షన్లు పట్టుకొచ్చేవోడంటండి. ఇద్దరూ వాగు దగ్గర కూచుని పొడుచుకునేవోరంట. ఒళ్ళు దూదిపింజలాగ తేలిపోద్దంట."

కూర్చున్న కుర్చీలోంచి లేచాను. అంటే పాము లేదు. ఆ గాట్లు సూదివి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, నెమ్మదైన మనిషి. శవాన్ని తన దగ్గరికి తీసుకురానే లేదన్నాడు. "తెచ్చి ఉంటే చెప్పేవాణ్ణండి. పాము కాటుకి ఒళ్ళు వాస్తుంది, రంగు మారుతుంది. ఆ మందు డోసు ఎక్కువైతే ఊపిరి నెమ్మదిగా ఆగిపోతుంది, అంతే" అన్నాడు.

ఈ సంగతి హోటలమ్మకి తెలుసా? తెలిస్తే ఆ మందు తెచ్చి పెట్టినవాడి మీద ఆమెకి ఎంత కసి ఉండాలి? ఆ ఆలోచనకి తోడు ఇంకో కబురు వచ్చింది. షాపాయన కొడుకు కనపడకుండా పోయిన సాయంత్రం వాడు హోటలు వెనక సందులోకి తిరగడం ఒక అరటిపళ్ళ ముసలమ్మ చూసింది. అక్కణ్ణుంచి తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

మర్నాడు నేను, హెడ్డుగారు ఆమె ఇంటికి వెళ్ళాం. ముందు మూసిన హోటలు, దాని వెనక వంటకొట్టు, తర్వాత పెరడు, పెరడు చివర కొడుకు పడుకునే గది. ఆమె పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. సన్నటి మనిషి. కుడి చేతికి పసుపు గుడ్డ కట్టుకుని ఉంది. లేచి నిలబడింది గాని మొహంలో బెదురు లేదు.

"ఏమ్మా, మందుల షాపు వాళ్ళబ్బాయి ఇటు వచ్చాడా?"

"ఊళ్ళో అందరూ ఇటొచ్చి పోతానే ఉన్నారండి. పలకరింపులు."

"మీ అబ్బాయి ఎలా పోయాడో నీకేమైనా అనుమానం ఉందా?"

"పాము కాటని మీవోళ్ళే రాసుకున్నారు గదండీ" అంది. ఆ మాటలో పదును నాకు తగిలింది.

గది చూపించమన్నాను. "ఆడి సామాన్లున్నాయి బాబూ. ఆ తలుపు తియ్యలేను" అంది. చావింట్లో, పోయినవాడి గది తెరవమని తల్లిని బలవంతం చెయ్యడానికి నాకు నోరు రాలేదు. మీరైతే తీయించేవారేమో. మా పెంపకం అలాంటిది. వెనక్కి తిరిగాను. అప్పుడు తగిలింది నా ముక్కుకి. పొయ్యి మీద నుంచి నేతిలో వేగిన వెల్లుల్లి, జీలకర్ర, మిరియాల ఘాటు. ఏడాది దాకా తాలింపు పెట్టనని అందరి ముందూ ఒట్టేసుకున్న ఇంట్లో కమ్మటి తాలింపు వాసన!

సందు చివరికి వచ్చాక హెడ్డుగారి చెయ్యి పట్టుకున్నాను. "చూశారా? పగ తీరింది. అందుకే మైల విడిచేసింది. వాణ్ణి చంపేసిందండీ ఈవిడ!"

హెడ్డుగారు కిళ్ళీ నమలడం ఆపేశాడు. "అంతేనంటారా సార్?" అన్నాడు. ఆయనకీ నా మాట సబబుగానే తోచింది. మా ఇద్దరికీ ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇంత చిన్న మనిషి, ఇంత నిబ్బరం! నేను భయపడ్డానంటే మీరు నవ్వకండి.

ఇక శవం కోసం వెతుకులాట. ఆ కొండల్లో మనిషిని దాచాలనుకుంటే దాచలేని చోటంటూ లేదు. చుట్టుపక్కల గూడేల నుంచి కొండరెడ్లని పిలిపించాం. వాళ్ళు తాడు కూడా లేకుండా లోయలోకి దిగుతుంటే నా కళ్ళు తిరిగాయి. జలపాతం కింద మడుగులో మునిగి చూశారు, రాళ్ళ సందులు చూశారు. అంత ఎత్తు నుంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఎవడు బతికాడో ఎవడు చచ్చాడో తనకి పట్టనట్టు. ఒడ్డున నిలబడితే నా మాట నాకే వినపడలేదు. షాపాయన ఒక బండ మీద కూర్చుని, పైకి వచ్చిన ప్రతి మనిషి మొహంలోకీ చూశాడు. ఏమీ దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి క్వార్టర్సుకి వెళ్ళాను. తల ప్రాణం తోకకి వచ్చి ఉంది. అన్నం కలుపుతూ మా ఆవిడతో కేసంతా చెప్పాను. బయటివాళ్ళకి చెప్పకూడనివి మనం మొదట చెప్పేది ఇంట్లోనే గదా. తాలింపు సంగతి నా తెలివికి తార్కాణంగా చెప్పాను. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఏం తాలింపన్నారు?"

"నెయ్యి. వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర."

"మిరియాల చారుకి నేతి తాలింపా? అది తనకోసం పెట్టుకునేది కాదండి. జొరం తగ్గి లేచినోళ్ళకి పెట్టేది. మీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా అమ్మ ఏం పెట్టిందీ? మర్చిపోయేరా?"

నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాను.

"తను చంపినోడికి పథ్యం ఎవరు పెడతారండీ?" అంది మా ఆవిడ. "ఎళ్ళండి, ఎళ్ళి ఆ గది చూడండి. చెయ్యి కడుక్కునెళ్ళండి."

కడుక్కున్నానో లేదో గుర్తు లేదు. హెడ్డుగారిని వెంటబెట్టుకుని నేరుగా పెరట్లోకి వెళ్ళాను. ఆమె రోటి పక్కన కూర్చుని మిరియాలు దంచుతోంది.

"అమ్మా, ఆ చారు ఎవరికి?"

ఆమె దంచడం ఆపింది. తర్వాత పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది.

"మీ ఇంట్లో ఆడమనిషి చెప్పిందా బాబూ?"

నేను తలూపాను. ఆమె లేచి చేతులు తుడుచుకుంది. "రండి. చప్పుడు చెయ్యకండి, ఇప్పుడే కునుకు పట్టింది."

గది గుమ్మం దగ్గర ఆగాను. తలుపు బయటివైపు మేకులు పీకేసిన కన్నాలున్నాయి. గొళ్ళెం లేదు. తలుపు తోసింది. లోపల నులక మంచం మీద, చచ్చిపోయినవాడి చొక్కా తొడుక్కుని, రగ్గు కప్పుకుని, మేం మూడు రోజులుగా మడుగుల్లో వెతుకుతున్న కుర్రాడు పడుకుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నిద్రలో కాళ్ళు అదిరిపడుతున్నాయి. మంచం పక్కన కడిగిపెట్టిన బకెట్టు, తడిగుడ్డ, మూత పెట్టిన గిన్నె. అంత రోగి ఉన్న గదిలో ఎక్కడా చెడ్డ వాసన లేదు. తలుపు మీద చూస్తే గొళ్ళెం లోపలివైపు కొట్టి ఉంది.

పెరట్లోకి వచ్చాక ఆమె చెప్పింది. నేను అడగలేదు.

"ఆ సాయంత్రం ఈడు వెనక తలుపు కొట్టేడండి. నా కొడుకు గది కప్పులో ఇంజెక్షన్లు దాచేడంట, అవి ఇమ్మని ఏడిచేడు. ముక్కు, కళ్ళు కారిపోతన్నాయి. నా కొడుక్కి నీళ్ళు పోసేటప్పుడు చూసేను గదా బాబూ, రెండో చేతి నిండా కన్నాలే. పాము అన్నిసార్లు కరుస్తాదా? ఎవడు నేర్పేడో, ఎవడు తెచ్చేడో అప్పుడే తెలిసింది. ఇప్పుడాడే నా గుమ్మంలోకొచ్చేడు. అట్లకాడ తీసేను. అబద్ధమెందుకు? చంపేద్దామనే తీసేను."

"మరి?"

"ఒణికిపోతన్నాడండి. నా కొడుకూ అలాగే ఒణికేవోడు. నేను చలిజొరం అనుకుని రగ్గు కప్పేదాన్ని." ఆమె చేతికున్న పసుపు గుడ్డ సర్దుకుంది. "గదిలో ఉన్నాయి, తీసుకోమన్నాను. లోపలికెళ్ళేడు. బయట గొళ్ళెం పెట్టేసేను."

వాడు తలుపు బాదాడు, తిట్టాడు, గోడకేసి తల కొట్టుకున్నాడు. అన్నం పెట్టబోతే చెయ్యి కొరికాడు. పసుపు గుడ్డ అందుకే. వాంతులు, విరేచనాలు అన్నీ ఆమే ఎత్తిపోసింది. పొద్దస్తమానం వాడు పెట్టిన కేకలు చుట్టుపక్కలవాళ్ళు వినకపోలేదు. విన్నారు. కొడుకు పోయిన తల్లి ఏడుస్తోందనుకున్నారు. తలుపు తట్టి ఓదార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కొన్నాళ్ళకి వాడే, "గొళ్ళెం తీసెయ్యి పిన్నీ, నేనెల్లను" అన్నాడట. ఆమె పీకి, లోపలివైపు తనే కొట్టి, "ఇక నీ ఇష్టం" అంది. వాడు వెళ్ళలేదు. ఆ రోజే చారుకి తాలింపు పెట్టింది.

"ఇంత ఎందుకు చేశావమ్మా? మాకు చెబితే..."

"మీకు చెబితే ఆణ్ణి కొట్టేవోరు. ఆ నాన్న ఇడిపించుకుపోయేవోడు. ఈడు మళ్ళీ షాపులో కూచునేవోడు." ఆమె నా కళ్ళలోకి చూసింది. "నా కొడుకు పోయేటప్పుడు పక్కనున్నది ఈడొక్కడే బాబూ. ఏం జరిగిందిరా అంటే మొదట్రోజు ఒకటి చెప్పేడు, మర్నాడు ఇంకోటి చెప్పేడు. మత్తు తలకెక్కినోడి మాట ఏం మాటండి? ఈడు మనిషైతేగానీ నా కొడుకు చావు నాకు తెలవదు. ఇంకొన్నాళ్ళు ఆగండి. నా చేతిలోంచి లాక్కోకండి."

ట్రైనింగు పుస్తకాల్లో నేను చదువుకున్నదేదీ ఇక్కడ పనికిరాలేదు. హెడ్డుగారి వైపు చూశాను. వెటకారం మనిషి, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ కొండల్ని మొదటిసారి చూసినప్పుడు నాకు మాట పడిపోయిందని చెప్పాను గదా. ఈ మనిషి ముందు అది ఏపాటిది? ఆమె అరచెయ్యి వెడల్పు లేని పెరట్లో నిలబడి నన్ను కొన్నాళ్ళు అడుగుతోంది, తనకోసం కాదు, నిజం కోసం.

డాక్టరుగారిని పిలిపించాం. ఆయన కుర్రాడి నాడి, కళ్ళు చూసి బయటికి వచ్చాడు. "గండం గడిచిందండి. కానీ ఇప్పుడు బయటికి పోతే మళ్ళీ మొదటికే వస్తాడు. నా దగ్గర ఇంతకన్నా మంచి వార్డు లేదు" అన్నాడు. రోజూ వచ్చి చూస్తానని కూడా చెప్పాడు.

ఈలోగా మేం ఆ ఇంట్లో ఉన్నామని కబురు ఎలా పాకిందో, షాపాయన పదిమందిని వెంటేసుకుని హోటలు ముందుకి వచ్చేశాడు. కర్రలున్నాయి. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా కూడా ఉంది. "నా కొడుకుని చంపి దాచిందండీ ఇది! తగలెట్టేస్తాను!" అని అరుస్తున్నాడు. నేను ఆయన్ని ఒక్కణ్ణే పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. తలుపు ముందు నిలబెట్టి, "గొళ్ళెం ఎటువైపుందో చూడండి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. కొడుకుని పేరు పెట్టి పిలిచాడు.

లోపలినుంచి నీరసంగా వినపడింది. "నాన్నా, ఇక్కడే ఉన్నాను. నేను రాను. షాపుకొస్తే మళ్ళీ పొడుచుకుంటాను నాన్నా."

షాపాయన అక్కడే కూలబడ్డాడు. అప్పటిదాకా అరిచిన గొంతులోంచి చిన్నపిల్లాడి ఏడుపు వచ్చింది. డాక్టరు చీటీ లేకుండా, డ్రైవర్లకీ కూలీలకీ ఒళ్ళునొప్పులకని ఆ మందు అమ్మింది ఆయనే. ఇంట్లోకి వచ్చిందని ఆయనకి తెలియదంటే నేను నమ్మాను, నమ్మలేదు. హోటలమ్మ ఆయన ముందు నిలబడింది.

"నీ కొడుకు బతికే ఉన్నాడు గదయ్యా. ఇంటికెళ్ళు" అంది.

ఆయన లేచి, ఆమె కాళ్ళవైపు ఒంగబోయి, ధైర్యం చాలక, బయటికి వెళ్ళిపోయాడు. కర్రలవాళ్ళు ఎప్పుడు చెదిరిపోయారో మేం చూడలేదు.

నేను వాణ్ణి తీసుకురాలేదు. మేజరు, గొళ్ళెం లోపల ఉంది, తన ఇష్టంతో ఉన్నాడు, వైద్యం జరుగుతోంది, అని పైవాళ్ళకి చెప్పాను. "నువ్వు పోలీసువా, ధర్మసత్రం నడుపుతున్నావా?" అని ఫోనులో ఒక పెద్దాయన అరిచాడు. అరవనిచ్చాను. ఇంకా అడుగుతారని తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. షాపు మూతబడింది, కేసు నడిచింది, ఆ కుర్రాడు తండ్రి ఎదురుగానే కోర్టులో నిజం చెప్పాడు. ఆ తర్వాత ఒకసారి జారాడు కూడా. మళ్ళీ ఆ గదికే వచ్చి పడుకున్నాడని హెడ్డుగారు రాజమండ్రిలో కనపడ్డప్పుడు చెప్పాడు. పూర్తిగా బయటపడటానికి చాలాకాలం పట్టింది. నేను చెప్పాలనుకున్నది వీటిల్లో ఏదీ కాదు, ఒక రోజు గురించి.

వీటన్నిటికీ ముందు, వాడు కాస్త కోలుకున్నాక వచ్చింది ఆ రోజు. పొద్దున్నే ఆమె కబురు పంపింది. "ఇవాళ అడుగుతాను. మీరూ ఉండండి." నేను, హెడ్డుగారు వెళ్ళేసరికి మంచు ఇంకా పెరట్లోనే ఉంది. కుర్రాడు స్నానం చేసి, రోటి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వణకడం లేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు నాయనా. ఏం దాచకు."

వాడు తల ఎత్తలేదు. మెల్లగా చెప్పాడు. ఇద్దరూ బండల మీద కూర్చున్నారు. స్నేహితుడు చాలలేదంటే ఇంకోటి అతనికి తనే పొడిచాడు. కాసేపటికి అతని ఊపిరి ఆగి ఆగి వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి.

"అప్పటికి మాట ఉందా?" అంది ఆమె.

"ఉంది పిన్నీ."

"ఏమడిగేడు?"

కుర్రాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. ఇన్ని రోజులూ ఆమె ఎత్తిపోసిన మురికి, తిన్న తిట్లు, కొరికించుకున్న చెయ్యి, అన్నీ ఈ ఒక్క జవాబు కోసం.

"దాహం అన్నాడు" అన్నాడు వాడు. "రెండు మూడుసార్లు అన్నాడు పిన్నీ. వాగు పక్కనే ఉంది. నేను ముంచి పొయ్యలేదు. భయమేసి పరిగెత్తేసేను. ఆడు పిలుస్తానే ఉన్నాడు."

చస్తున్నవాడి గొంతులో చుక్క నీరు పొయ్యడం మనవాళ్ళకి ఎంతటి విషయమో మీకు చెప్పక్కర్లేదు. బద్ధశత్రువుకైనా పోస్తారు. ఆమె కళ్ళు మూసుకుంది. ఒళ్ళంతా ఒకసారి ముందుకి ఊగింది. తర్వాత నేల మీద చెయ్యి ఊని లేచి వంటకొట్టులోకి వెళ్ళింది. లోపల ఇనుప సామాను చప్పుడైంది. అట్లకాడ గుర్తొచ్చి హెడ్డుగారు ఒక అడుగు ముందుకి వేశాడు. నేనూ వేశాను.

ఆమె బయటికి వచ్చింది. చేతిలో గ్లాసుతో నీళ్ళున్నాయి. వాడి ముందు కూర్చుని, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"తాగు."

వాడు తల అడ్డంగా ఊపాడు. వెక్కిళ్ళలో ఊపిరి అందడం లేదు.

"ఆడికి నేను పొయ్యలేకపోయేను. నీకు పోస్తన్నాను. తాగరా."

వాడు నోరు తెరిచాడు. సగం గొంతులోకి, సగం చొక్కా మీదకి పోతున్నా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె చెయ్యి దించలేదు.